బాగైనవాళ్లకే మైకు ఇస్తే ఎలా?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం అంటూ ఒకటి ఉంటుంది. గుంటూరు వైపు పాత లూథరన్ గుళ్లలో అది కాస్త పద్ధతిగా సాగుతుంది. ఊరి చివర రేకుల షెడ్డులో నడిచే చిన్న సంఘంలో డోలక్ మోతతో హోరెత్తుతుంది. ఎక్కడైనా వరస ఒకటే. ఒకావిడ లేచి, తలమీద ముసుగు సర్దుకుని, మైకు అందుకుంటుంది. డాక్టర్లు చేతులెత్తేశారని, పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారని, మళ్లీ స్కానింగు తీయిస్తే గడ్డ కనబడలేదని చెబుతుంది. సభ అంతా స్తోత్రం అంటుంది. ఆవిడ సంతోషాన్ని శంకించాల్సిన పని ఎవరికీ లేదు. కానీ వెనక వరసలో, గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలో, వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లొచ్చే మనిషి కూడా కూర్చుని ఉంటాడు. ఆయన కోసమూ ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఆయన నుదుటికీ నూనె రాశారు. ఆయన దగ్గరికి మాత్రం మైకు వెళ్లదు.

ఎవరి చెడ్డబుద్ధీ ఇందులో లేదు, ఉన్నది బెరుకు. ఆయన ఏం చెబుతాడో తెలియదు. ‘తగ్గలేదు, అయినా వస్తున్నాను’ అంటే ఆ మాట తర్వాత ఏ పాట ఎత్తుకోవాలో పాటల బృందానికి తోచదు. నూరేళ్లకు పైగా తెలుగునేల మీద కుష్ఠురోగి పక్కనా క్షయరోగి పక్కనా నిలబడిన మతం, ఇప్పుడు తగ్గని రోగిని ఎదుట కూర్చోబెట్టుకుని ఆరాధన చేసుకోలేకపోతోంది. స్వస్థత కోసం ప్రార్థించడంలో తప్పు లేదు. బాగుపడటం ఒక్కటే విశ్వాసానికి రుజువని లెక్క కట్టడంలోనే ఉంది తప్పంతా.

ఈ లెక్క బైబిల్లో కుదరదు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఎఫెసు పట్టణం సంగతి వస్తుంది. పౌలు ఒంటిని తాకిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే జబ్బులు పోయాయని అక్కడ రాసి ఉంది. నేటి స్వస్థత కూటాల్లో పంచే ప్రార్థన రుమాళ్లకు ఆధారంగా చూపించేది ఆ వచనాలనే. అదే ఎఫెసు ఊరివాడు త్రోఫిము, పౌలు వెంట తిరిగిన మనిషి. తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర, పలకరింపుల మధ్య, పౌలు ఒక ముక్క అంటాడు: త్రోఫిముకు జబ్బుగా ఉంటే మిలేతులో వదిలేసి వచ్చానని. అంతే. రుమాలు పంపిన ప్రస్తావన లేదు, విశ్వాసం తక్కువైందన్న నింద లేదు. తోటివాడికి ఒంట్లో బాగాలేదు, ప్రయాణం చేయలేకపోయాడు, ఆగిపోయాడు.

తిమోతికే తరచూ కడుపులో బాగుండేది కాదు. పౌలు అతనికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా చెబుతాడు. ఆ రోజుల్లో అది మందు కింద లెక్క. ఫిలిప్పీ నుంచి చెరసాలలోని పౌలుకు సాయం తెచ్చిన ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లొచ్చాడు. ఆ మనిషి బెంగ ఏమిటో పౌలు రాసినది చదివితే ఇవాళ్టి ఆస్పత్రి వార్డు గుర్తొస్తుంది. తనకు జబ్బు చేసిందని ఇంటి దగ్గరివాళ్లకు తెలిసిపోయిందే, వాళ్లెంత కంగారు పడుతున్నారో అని అతని దిగులు. పౌలు సంగతి సరేసరి. ఒంట్లో ముల్లులా గుచ్చుతున్న బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. అది ఏ జబ్బో పండితులు నేటికీ తేల్చుకోలేదు.

పుట్టుగుడ్డిని చూపించి, పాపం ఎవరిది, వీడిదా కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరిదీ కాదన్నాడని యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ఇది ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే పాఠం. ఆ పిల్లలే పెద్దవాళ్లై, క్యాన్సర్ వచ్చిన పక్కింటి ఆవిడ గురించి ‘ఏదో దాచిన పాపం ఉండే ఉంటుంది’ అనుకుంటారు. కర్మ సిద్ధాంతాన్ని వేదిక మీద ఖండించే బోధకుడు, ‘నీ జీవితంలో ఏదైనా ఒప్పుకోనిది ఉందా చూసుకో’ అని రోగి చెవిలో ఊదినప్పుడు తాను చెబుతున్నది కూడా అదేనని గమనించుకోడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

యోబు గ్రంథం నిండా ఉన్నది ఈ పేచీయే. ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద ఆయన పక్కనే మాట్లాడకుండా కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఎనిమిదో రోజు నుంచి నోళ్లు విప్పారు. పాపం లేనిదే శిక్ష రాదని వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది అరిచి పోట్లాడిన రోగి మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఈ ముగ్గురి మీద.

ఆ ఏడు రోజుల పద్ధతి తెలుగు సంఘాల్లో పూర్తిగా పోలేదు. పల్లెల్లో ఇంకా బతికే ఉంది. సాయంత్రం వంటపొయ్యి వెలిగించకముందు స్త్రీల సమాజం వాళ్లు నలుగురైదుగురు వస్తారు. మంచం కింద చెప్పులు పక్కకు జరిపి చాప పరుస్తారు. రెక్సిన్ సంచి జిప్పు లాగి బైబిలు, అంచులు నలిగిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ బయటికి తీస్తారు. ‘ఎట్లా ఉందొదినా, రాత్రి నిద్ర పట్టిందా?’ అని ఒకామె కాళ్లు పడుతుంది. ఇంకొకామె లేచి వెళ్లి వంటింట్లో అన్నం వార్చి వస్తుంది. పురుషోత్తమ చౌదరి కీర్తన ఒకటి, ఒక దావీదు కీర్తన, చిన్న ప్రార్థన. అయ్యగారొస్తే చిన్న సీసాలోంచి నూనె చుక్క వేలికి తీసుకుని నుదుటికి రాస్తారు. సంఘం పెద్దలను పిలిపించుకుని నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోమని యాకోబు పత్రికలో ఉంది. ఆ ఆచారం అక్కడిదే. టీ తాగి, దుప్పటి సర్ది, మళ్లీ బుధవారం వస్తామని చెప్పి వెళ్తారు. ఈ ముప్పావు గంటలో ఎవరూ ఏమీ వాగ్దానం చేయలేదు. రోగికి మాత్రం తానింకా సంఘంలో మనిషినేనని తెలిసింది.

ఇందులో పైకి కనబడని సామాజిక సంగతి ఒకటుంది. తెలుగు క్రైస్తవుల్లో అధికశాతం మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. తాత ముత్తాతల కాలంలో వైద్యుడు వాళ్ల నాడి పట్టుకుని చూసేవాడు కాదు. అలాంటి ఇంట్లో మంచాన పడ్డ మనిషి నుదుటి మీద ఒకరు చెయ్యి పెట్టడమంటే అది మతాచారం ఒక్కటే కాదు. స్వస్థత కూటాలకు జనం ఎందుకు పోటెత్తుతారని విస్తుపోయే పట్నం హేతువాదులు ఈ చెయ్యి సంగతి లెక్కలోకి తీసుకోరు. ఆరోగ్యశ్రీ వచ్చింది, కార్పొరేట్ ఆస్పత్రి తలుపులు కొంత తెరుచుకున్నాయి. కానీ అక్కడ రోగిని తాకేవి ఎక్కువగా గ్లవ్స్, గొట్టాలు. పేరు పెట్టి పిలిచేవాళ్లు అరుదు.

మిషన్ ఆస్పత్రుల చరిత్ర ఈ తాకడం నుంచే మొదలైంది. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చారు. పరదాల చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరుకు నాడి కూడా చూపించని రోజులవి. 1898లో ఆవిడ ఆస్పత్రి తెరిచారు. 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూశారు. నేటికీ ఊరివాళ్లకు అది కుగ్లర్ ఆస్పత్రే. నిజామాబాద్ ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టు డాక్టరు ఇసబెల్ కెర్, భర్త జార్జితో కలిసి కుష్ఠురోగులకు చికిత్స మొదలుపెట్టి, 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆస్పత్రి నిలబెట్టారు. దానికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చినది నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఈ ఒక్క ముక్క చాలు, మతాల గోడలు రోగి మంచం దగ్గర ఎంత పలచబడతాయో చెప్పడానికి.

అప్పట్లో వాళ్ల చేతిలో ఉన్న మందు చాల్‌మోగ్రా నూనె. సూదితో ఎక్కిస్తే భరించలేని నొప్పి, గుణం అంతంత మాత్రం. గట్టి మందు కలయిక కుష్ఠుకు 1980లలో గానీ రాలేదు. అంటే ఆ ఆవరణలో దశాబ్దాల పాటు జరిగిన పని చాలావరకు నయం చేయడం కాదు. పుండ్లు కడగడం, చేనో మగ్గమో అప్పగించడం, గుడి కట్టుకుని అందరూ కలిసి పాడుకోవడం.

క్షయ సంగతీ అంతే. చిత్తూరు సీమలో మదనపల్లె దగ్గరి కొండల గాలిని నమ్ముకుని, అనేక మిషన్లు చేతులు కలిపి క్షయ శానిటోరియం కట్టాయి. ఆ చోటుకు ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. దాన్ని తీర్చిదిద్దినవాడు డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొత్-మొల్లర్. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టేనాటికి 1943 వచ్చింది. అంతకు ముందు అక్కడి చికిత్సంతా పడక, గాలి, పాలు, గుడ్లు, ఊపిరితిత్తికి విశ్రాంతి ఇచ్చే కొన్ని సర్జరీ ఉపాయాలు. కొందరు కోలుకున్నారు, చాలామంది కోలుకోలేదు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మాత్రలు సరిగా వేసుకుంటే ఇంట్లో ఉన్న రోగికీ శానిటోరియంలో ఉన్న రోగికీ ఫలితంలో పెద్ద తేడా లేదని తేల్చింది. శానిటోరియాల కాలం అక్కడితో వెనకబట్టింది. శాస్త్రం గెలిచింది, గెలవాల్సిందే. ఆ గెలుపులో చేజారినది ఒకటుంది. దగ్గేవాళ్లంతా ఒక వరండాలో కూర్చుని ఒకరి దగ్గు ఒకరు వింటూ బతికారు, అక్కడ జబ్బు దాచుకోవాల్సిన రహస్యం కాదు. నేడు ఇంట్లో మాత్ర మింగే క్షయరోగి, ముఖ్యంగా పెళ్లి కావలసిన ఆడపిల్ల, మందుల డబ్బా బీరువాలో చీరల కింద దాస్తుంది.

ఈ చరిత్రను తలచుకుని చంకలు గుద్దుకునే ముందు క్రైస్తవులు ఇంకో కాగితం కూడా చదవాలి. గుడిలో పెళ్లి ప్రమాణం చేసేటప్పుడు రోగంలోనూ ఆరోగ్యంలోనూ కలిసుంటామని అందరి ముందూ మాటిస్తారు. అదే క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001 సవరణ పుణ్యమా అని, కుష్ఠు విడాకులకు ఒక కారణంగా చేరింది. కుష్ఠుకు గట్టి మందు దొరికి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాక చేరింది! మిగతా మతాల చట్టాల్లోనూ ఉంది లెండి. 2019లో పార్లమెంటు అయిదు చట్టాలను ఒకేసారి సవరించి ఆ నిబంధన తీసేసింది. డిచ్‌పల్లిలో గుడి కట్టినవాళ్ల వారసులు ఆ మధ్య పద్దెనిమిదేళ్లలో దానిమీద గట్టిగా గొంతెత్తి ఉంటే ఎంత బాగుండేది.

రోగిని ఆదుకోవడం వేరు, రోగితో సమానంగా కూర్చోవడం వేరు. ఈ రెండో పనికి మేరీ వర్గీస్ జీవితం కన్నా మంచి ఉదాహరణ దక్షిణ భారతంలో దొరకడం కష్టం. 1925లో కేరళలో పుట్టి, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో డాక్టరు చదివారు. చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల వాళ్లకు పరిచయం అక్కర్లేని ఆస్పత్రి అది. ఆ వరండాల్లో తెలుగు వినబడని పూట ఉండదు. స్త్రీల వైద్యంలో నిపుణురాలు కావాలని ఆవిడ కోరిక. 1954 జనవరి 30న తోటి డాక్టర్లతో విహారానికి వెళ్తుంటే బండి బోల్తా పడింది. మొహం చీరుకుపోయింది, నడుము కింద స్పర్శ పోయింది. ఇరవై తొమ్మిదేళ్ల వయసు కూడా నిండలేదు. చుట్టూ ప్రార్థించేవాళ్లకు కొదవ లేదు, అది మిషన్ ఆస్పత్రి. కాళ్లు తిరిగి రాలేదు.

వేలూరులో అప్పటికి పాల్ బ్రాండ్ అనే ఆంగ్లేయ సర్జన్ కుష్ఠు వల్ల కొంకర్లు పోయిన చేతులకు శస్త్రచికిత్స చేస్తున్నారు. పనిచేస్తున్న కండరం తాలూకు స్నాయువును తీసి, చచ్చుబడిన వేళ్లను కదిలించేలా కలపడం ఆ పద్ధతి. చేతి సర్జరీ సర్జన్ కూర్చునే చేసే పని. చక్రాల కుర్చీలో ఉన్న డాక్టరు కూడా చేయొచ్చు కదా అని ఆయన ప్రోత్సహించారు. మేరీ వర్గీస్ చేశారు. నడవలేని సర్జన్, పట్టు లేని చేతులున్న రోగి, మధ్యలో ఒక బల్ల. తర్వాత ఆవిడ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తాను శిక్షణ పొంది, న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం చదువుకుని తిరిగొచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం మొదలైంది. వెన్ను విరిగినవాళ్లు మంచం మీదినుంచి కుర్చీలోకి ఎలా మారాలో, పడక పుండ్లు రాకుండా ఒళ్లెలా చూసుకోవాలో, ఇంటికెళ్లి ఏ పని చేసుకుని బతకాలో అక్కడ నేర్పుతారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూసేదాకా ఆవిడ కుర్చీ దిగలేదు.

చెట్టెక్కి కల్లు గీస్తూ పడి వెన్ను విరిగిన గీత కార్మికుడు తెలుగు జిల్లాల్లో ప్రతి ఏడూ కనిపిస్తాడు. అలాంటివాడికి ‘విశ్వాసముంచు, లేచి నడుస్తావు’ అని చెప్పే వేదికలకు కొదవ లేదు. కుర్చీలో కూర్చున్న డాక్టరొచ్చి ‘ఈ పుండు ఎలా తగ్గించుకోవాలో చెబుతాను, రా’ అంటే దాని బరువు వేరు. ఆ మాటలో విశ్వాసం తక్కువని ఎవరంటారు?

హైదరాబాదులో హెబ్రోన్ సంఘం స్థాపించిన భక్తసింగ్ సంగతి తెలుగు విశ్వాసులకు మరింత దగ్గరిది. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, కెనడాలో క్రైస్తవుడై, దేశమంతా కాలికి బలపం కట్టుకుని తిరిగి సంఘాలు కట్టినవాడు. ఆయన ప్రార్థిస్తే జబ్బులు తగ్గాయని చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మనిషే చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధితో మంచాన పడ్డారు. మాట పోయింది, చేతులు తన మాట వినలేదు, వేరేవాళ్లు తినిపించాలి. 2000 సెప్టెంబరులో చనిపోయేదాకా అదే స్థితి. ఆయన విశ్వాసంలో లోటుందని అనే సాహసం ఏ బోధకుడూ చేయడు. అంత పెద్ద మనిషికి ఇచ్చిన ఈ మినహాయింపు పేటలో రిక్షా తొక్కే విశ్వాసికి ఎందుకు లేదన్నదే ప్రశ్న. రోమ్‌లోనూ అప్పుడే ఇలాంటిదే జరిగింది. 1992లో పోప్ రెండో జాన్ పాల్ ఏటా ఫిబ్రవరి 11ను ప్రపంచ రోగుల దినంగా ప్రకటించారు. అంతకు కొద్దికాలం ముందే ఆయనకూ పార్కిన్సన్స్ బయటపడింది. వణికే చెయ్యిని దాచుకోకుండా 2005 దాకా జనం ముందుకొచ్చారు.

ఫిబ్రవరి 11 అంటే విజయవాడవాళ్లకు గుణదల మాత తిరునాళ్లు. మూడు రోజుల పాటు కొండ మెట్లన్నీ జనమే. తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, మొక్కు తీర్చుకునే హిందువులు, ఎవరు ఏ మతమో అడిగే నాథుడుండడు. 1920లలో ఫాదర్ అర్లాటి అక్కడ మరియమ్మ విగ్రహం పెట్టారు. ఫ్రాన్సులోని లూర్దు గుహే దానికి మాతృక. లూర్దులో 1858లో మరియమ్మ దర్శనమిచ్చిందని చెప్పిన పిల్ల బెర్నదెత్ సుబిరూ. అప్పట్నుంచీ జబ్బు నయమైందని అక్కడి వైద్య కార్యాలయంలో నమోదు చేయించుకున్నవాళ్లు ఏడు వేలకు పైమాటే. వైద్యులు వడపోశాక సంఘం అద్భుతాలని గుర్తించినవి డెబ్బై పైన ఒకటో రెండో. నూటయాభై ఏళ్లకు పైగా, కోట్లమంది వస్తే, అన్నే.

లెక్కలో ఇంత పిసినారితనం చూపే కార్యాలయం ఉన్నా లూర్దుకు జనం తగ్గలేదు. ఎందుకని? అక్కడికెళ్లే వాళ్లలో చాలామంది తగ్గుతుందన్న ఆశతో వెళ్లి తగ్గకుండానే తిరిగొస్తారు, మళ్లీ వెళ్తారు. చక్రాల కుర్చీలూ స్ట్రెచర్లూ ఊరేగింపులో ముందు నడుస్తాయి, ఆరోగ్యవంతులు వెనక తోసుకెళ్తారు. ఇక అక్కడి నీటి ఊటను చూపించిన బెర్నదెత్‌కు ఉబ్బసం, ఎముక క్షయ. ముప్పై అయిదేళ్లకే, 1879లో, మఠంలో చనిపోయింది. మన దగ్గర స్వస్థత కూటం పోస్టర్ల మీద ఇలాంటి చరిత్రకు చోటుండదు.

పోస్టర్లంటే గుర్తొచ్చింది, 1954 నాటి చట్టమొకటి ఉంది. మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం. క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, పక్షవాతం లాంటి జబ్బులు తాయెత్తుతోనో మంత్రంతోనో పోతాయని ప్రకటించడం నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. చట్టం ప్రార్థనను ముట్టుకోదు, ప్రకటనను పట్టుకుంటుంది. అయితే డబ్బు పుచ్చుకుని నూనె సీసా పంపుతూ దాంతో క్యాన్సర్ పోతుందని టీవీలో చెప్పేవాడికీ, తాయెత్తు అమ్మేవాడికీ తేడా ఏమిటో న్యాయస్థానంలో చెప్పుకోవాల్సి రావచ్చు. ఇన్సులిన్ మానేస్తేనే విశ్వాసం అనే బోధ ప్రమాదకరం. మందు మానిపించినవాడు, మధుమేహం ముదిరి రోగి కాలు తీసేసేటప్పుడు ఆస్పత్రిలో ఉండడు.

ఈ బోధను ఎదుర్కోవడానికి నాస్తికుల సాయం అక్కర్లేదు. లూథరన్లు తమ మూలపురుషుణ్ని చదివితే చాలు. 1527లో విటెన్‌బెర్గ్‌కు మహమ్మారి వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని యెనాకు తరలించారు. మార్టిన్ లూథర్ మాత్రం కదల్లేదు. భార్య కడుపుతో ఉంది, ఇల్లే ఆస్పత్రి అయింది. మహమ్మారి వస్తే పారిపోవచ్చా అని బ్రెస్లౌ పాదిరులు అడిగితే ఆయన రాసిన జవాబు కొవిడ్ రోజుల్లో మళ్లీ చేతులు మారింది. సారాంశం ఇది: మందు వేసుకోవాలి, ఇంటికి పొగ పట్టించాలి, పనిలేని చోటికి పోకూడదు, దేవుడే చూసుకుంటాడని మందు మానడమంటే దేవుణ్ని పరీక్షించడమే. కానీ పొరుగువాడికి అవసరమైతే, అతణ్ని చూసేవాళ్లు ఇంకెవరూ లేకపోతే, వదిలి పోకూడదు. అయిదొందల ఏళ్ల కిందటి ఉత్తరమే, 2021 మేలో ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెత్తిన గుంటూరు కుర్రాళ్లకు సరిగ్గా అతికింది.

శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా తెలుగు గుళ్లన్నీ సిలువ మీది ఏడు మాటల ప్రసంగాలతో గడుస్తాయి. నాల్గవది, దేవుడు తనను విడిచిపెట్టాడా అన్న కేక. అయిదవది ఒంటి బాధ, దాహం. ఆ రెండింటి మీద ఏటా గంటసేపు ప్రసంగించి కంటతడి పెట్టించే సంఘం, అదే కేక కిమోథెరపీ వార్డులోంచి వినబడితే ‘అలా అనకూడదమ్మా, స్తుతించు’ అంటుంది. రోగి ఏడవనీ. పోట్లాడనీ. కీర్తనల గ్రంథంలో ఆశ ఊసే లేకుండా చీకటితో ముగిసే పాట కూడా ఉంది, 88వది. దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు.

ఇంతకీ సంఘాలు ఏం చేయాలి? పెద్ద సంగతులు ఎవరూ అడగడం లేదు. పాత మిషన్ ఆస్పత్రుల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఆస్తి తగాదాల్లో నలుగుతున్నాయి. మహాసభల పందిళ్లు మాత్రం ఏటికేడు పెరుగుతున్నాయి. ఆ పందిరి ఖర్చులో పిసరంత మళ్లించినా చాలా పనులవుతాయి. క్షయ సంగతే తీసుకుంటే, మామూలు రకానికి ఆరు నెలల మందు ఉచితం. తిండికి కేంద్రం ఇచ్చే నెలవారీ సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైంది. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద ఏ సంస్థయినా, ఏ మనిషైనా రోగిని దత్తత తీసుకుని కనీసం ఆరు నెలలు తిండి బుట్ట ఇవ్వొచ్చు: బియ్యమో చిరుధాన్యాలో, పప్పు, నూనె, పాలపొడి. దీనికి బిషప్ సంతకం అక్కర్లేదు. సంఘ కమిటీ తీర్మానం చేసి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్షయ విభాగం వాళ్లను కలిస్తే నమోదు ఎలాగో చెబుతారు. రోగి ఏ మతమో ఫారంలో ఉండదు. బుట్ట ఇవ్వడానికి వెళ్లిన స్త్రీల సమాజం వాళ్లు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా అని అడిగి, వద్దనకపోతే చాప పరుచుకుని ఒక పాట పాడి రావొచ్చు. వద్దంటే బుట్ట ఇచ్చి వచ్చేయొచ్చు.